ట్యాబు ఇచ్చారు సరే, చదవడం ఎవరు నేర్పుతారు?

మన పేటల్లో కొత్తరకం నిరక్షరాస్యులు తయారవుతున్నారు. వాళ్ల పేర్లు బడి రిజిస్టర్లో ఉన్నాయి. ఆరో తరగతి, ఏడో తరగతి, ఎనిమిదో తరగతి. ఫోను తెరని వేలితో అటూ ఇటూ జరపడం మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. అదే తెర మీద నాలుగు వరుసల తెలుగు వేసి చదవమంటే తల దించుకుంటారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. వరుస చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మర్చిపోతారు. వీళ్లని నిరక్షరాస్యులని ఏ ప్రభుత్వ లెక్కా రాయదు. బడిలో ఉన్నారనే రాస్తుంది.

ఇది మా చీడికాడ మండలం గోడు ఒక్కటే కాదు. ప్రథమ్ సంస్థ దేశమంతా పల్లెటూళ్లలో ఇంటింటికీ తిరిగి చేసే అసర్ సర్వే ఒకటుంది. రెండో తరగతి పిల్లలు చదవాల్సిన చిన్న పాఠాన్ని ముందు పెట్టి చదివిస్తారు. 2018లో ఎనిమిదో తరగతి పిల్లల్లో నూటికి 73 మంది దాన్ని చదవగలిగారు. కరోనాతో బళ్లు మూతపడి తెరిచాక, 2022లో అది 69.6కి దిగింది. అంటే ఎనిమిదో తరగతి దాకా వచ్చిన పదిమందిలో ముగ్గురికి రెండో తరగతి పాఠం చదవడం రాదు. ఆ ముగ్గురూ ఏ పేటల్లో పుట్టి ఉంటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇదే కాలంలో పాలకులు ఏం చేశారు? 2022 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడు డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకీ, వాళ్ల టీచర్లకీ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. ఖర్చు 686 కోట్లని ప్రభుత్వమే ప్రకటించింది. మరుసటేడు అదే తేదీన మాకు పైన కొండల్లో ఉన్న చింతపల్లిలో సభ పెట్టి ఇంకో 4 లక్షల 34 వేల ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. దానికి 620 కోట్లన్నారు. నాడు-నేడు పేరుతో హైస్కూళ్ల గోడలకి పెద్ద పెద్ద డిజిటల్ ప్యానెళ్లు బిగించారు. చిన్న బళ్లకి స్మార్ట్ టీవీలు ఇచ్చారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, ఆ ట్యాబుల పంపిణీ ఆగింది. 2024 జులైలో బైజూస్ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, కంపెనీలు మునిగాయి. మన పిల్ల మాత్రం అదే వరుసలో, అదే ఒత్తు దగ్గర ఆగిపోయి ఉంది.

ట్యాబు ఇవ్వడం తప్పని మేం అనడం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే ట్యాబులు పంచినప్పుడు ఊళ్లో అరుగుల మీద కూర్చున్న పెద్దలు ఏమన్నారో మనం విన్నాం. "వీళ్లకెందుకు ఇవి, సినిమాలు చూసి పాడైపోతారు" అన్నారు. బుగత మనవడి చేతిలో ఉంటే అది టెక్నాలజీ! మాల గుంటడి చేతిలో, మాదిగ గుంటడి చేతిలో, రెల్లి గుంట చేతిలో ఉంటే అది పాడైపోవడం! పలక చేతపట్టిన రోజుల్లో మన తాతల్నీ ఇలాగే అన్నారు. 2017-18లో కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లెటూళ్లలో నూటికి నాలుగైదు ఇళ్లలో మాత్రమే కంప్యూటర్ ఉంది. ఆ నాలుగైదు ఇళ్లూ మన పేటలో లేవు. కాబట్టి తెర మన పిల్లల చేతికి రావడం మన హక్కు. ఎవరి దయా కాదు.

మన తగువు వేరే. ఎనిమిదో తరగతి ట్యాబులో ఎనిమిదో తరగతి పాఠాలు ఎక్కించారు. భౌతికశాస్త్రం, బీజగణితం, జీవశాస్త్రం, అన్నీ బొమ్మలతో, మాటలతో. రెండో తరగతి పాఠం చదవలేని పిల్లవాడు వాటిని ఏం చేసుకుంటాడు? సినిమా చూసినట్టు చూస్తాడు. వీడియో వాణ్ని చదవమని అడగదు. అదే మాట్లాడేస్తుంది, అదే అర్థం చెప్పేస్తుంది, అదే అయిపోతుంది. వినడం వేరు, చదవడం వేరు. ఇంతకాలం మనవాళ్లు విన్నారు. పురాణం విన్నారు, పెత్తందారు చదివిన కాగితం విన్నారు, కరణం చెప్పిన లెక్క విన్నారు. విని విని భూములు పోగొట్టుకున్నారు. ఇప్పుడు మన పిల్లల్ని మళ్లీ వినేవాళ్లుగానే ఉంచితే అది చదువా?

ద్రోణుడు ఏకలవ్యుడికి విద్య చెప్పనన్నాడు. ఏకలవ్యుడు మట్టిబొమ్మని పెట్టుకుని నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక బొటనవేలు అడిగారు. ఇప్పటి ద్రోణులు ఇంకా తెలివైనవాళ్లు. ముందే ఒక బొమ్మని చేతికిచ్చి "ఇదే నీ గురువు, పో" అంటున్నారు. బొటనవేలు మాత్రం ఇప్పుడూ అడుగుతున్నారు. రేషన్ మిషన్ మీద పెట్టు, బ్యాంకు మిత్ర మిషన్ మీద పెట్టు, ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు. మిషన్ తెర మీద ఎన్ని కిలోలు రాసుందో, ఎన్ని రూపాయలు పడ్డాయో చదవలేనివాడికి ఆ వేలిముద్రకీ, పాతరోజుల్లో కామందు నోటు మీద వేసిన నిశానికీ తేడా ఏముంది?

డిజిటల్ రోజులొచ్చాయి కాబట్టి చదవడం రాకపోయినా నడిచిపోతుందని కొందరు అంటున్నారు. ఫోనుకి చెబితే అదే చదివి వినిపిస్తుందట. మేం తిరగేసి చెబుతున్నాం. డిజిటల్ రోజుల్లో చదవడం రానివాడికి మోసం రెండింతలు. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేలో పేరు ఒక అక్షరం తప్పు పడితే పట్టుకోవాల్సింది ఎవరు? అట్రాసిటీ కేసు పెడితే ఎఫ్.ఐ.ఆర్.లో మనం చెప్పిన కులదూషణ మాట రాశారో, రాయకుండా వదిలేశారో సంతకం పెట్టే ముందు చూడాల్సింది ఎవరు? ఇంట్లో ఉన్న ఎనిమిదో తరగతి పిల్లే కదా! ఆ పిల్లకే చదవడం రాకపోతే ఆ ఇల్లంతా మళ్లీ ఇంకొకడి నోటి మీద బతకాల్సిందే.

మరి యంత్రంతో చదవడం నేర్పొచ్చా, లేదా? దీనికి ప్రపంచంలో రెండు అనుభవాలున్నాయి. కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి పెరూ దేశం. అక్కడ పిల్లవాడికో ల్యాప్‌టాప్ అని పేద పల్లెల బళ్లకి పంచారు. 319 బళ్లలో పరిశోధన చేసి 2012లో ఫలితం ప్రకటించారు. ల్యాప్‌టాపులు వచ్చాయి, పిల్లలు వాడారు. కానీ భాషలో గానీ లెక్కల్లో గానీ మార్కులు పెరిగిన దాఖలా లేదు. వస్తువు పంచడం చదువు చెప్పడం కాదని అక్కడ తేలిపోయింది.

రెండోది ఢిల్లీ. ప్రభుత్వ బళ్లలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకి బడి అయ్యాక ఒక కేంద్రంలో చదువు చెప్పారు. రోజుకి గంటన్నర. అందులో ముప్పావుగంట కంప్యూటర్, ముప్పావుగంట పన్నెండు పదిహేను మంది పిల్లల గుంపుకి ఒక మనిషి. ఆ కంప్యూటర్ పిల్లవాడు ఏ తరగతి అని చూడదు. వాడికి ఏది వచ్చో, ఏది రాదో చూసి అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. నాలుగున్నర నెలల్లోనే హిందీ చదవడంలోనూ లెక్కల్లోనూ పిల్లలు బాగా ముందుకొచ్చారు. తోటి పిల్లలతో పోల్చుకుంటే వెనకబడ్డ పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన ఈ పరిశోధన 2019లో అచ్చయింది.

పెరూలో వస్తువు ఒక్కటే ఇచ్చారు. ఢిల్లీలో మూడు కలిశాయి. వస్తువు, పిల్లవాడి మెట్టు దగ్గర నుంచి మొదలయ్యే పాఠం, పక్కన కూర్చున్న మనిషి. మనకిచ్చిన ట్యాబులో మొదటిది ఉంది. మిగతా రెండూ లేవు. మా వాదన అంతా ఇదే.

చదవడంలో మూడు మెట్లున్నాయి. అక్షరం, గుణింతం, ఒత్తు గుర్తుపట్టడం మొదటి మెట్టు. తడుముకోకుండా వరుస నడిపించడం రెండోది. చదివిందాని భావం పట్టుకుని, అది నిజమా కాదా అని అడగడం మూడోది. కూడబలుక్కునే పిల్లకి బుద్ధంతా అక్షరం మీదే ఖర్చయిపోతుంది, భావానికి చోటుండదు. హైస్కూల్లో మొదటి రెండు మెట్లూ అయిపోయాయనుకుని పాఠం చెప్పేస్తారు. సిలబస్ తొందర. దానికి తోడు ఈ ఏళ్లలో టీచరు చేత గుడ్ల లెక్కలు, మరుగుదొడ్ల ఫొటోలు ఫోనులో ఎక్కించారు. అదే మాకు అందిన డిజిటల్ విద్య! కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్క రావాలన్నది దాని లక్ష్యం. మంచిదే. కానీ ఆ మెట్టు దాటకుండానే ఆరు, ఏడు, ఎనిమిదికి వచ్చేసిన మన పిల్లల మాటేమిటి? వాళ్లు ఆ పథకానికి పెద్దవాళ్లు. వయోజన విద్యకి చిన్నవాళ్లు. రెండు పథకాల మధ్య సందులో పడిపోయారు.

వాళ్లని తీయాల్సింది మనమే. ఉన్న వస్తువులతోనే ఎలా తీయొచ్చో మేం పేటల్లో చేసి చూసింది చెబుతాం.

మొదట ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూడాలి. పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఒక కాగితం మీద పది అక్షరాలు, పది మాటలు, నాలుగు వరుసలు, ఒక చిన్న కథ. ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి చదివించాలి. తర్వాత తరగతిని బట్టి కాదు, మెట్టుని బట్టి గుంపులు కట్టాలి. ప్రథమ్ వాళ్లు దేశమంతా చేస్తున్న పద్ధతి ఇదే.

రెండోది, నలుగురికి ఒక తెర చాలు. తెర మీద అక్షరాలు పెద్దవిగా కనబడాలి, గొంతు వినబడాలి. పిల్లలు వేలు పెట్టి గొంతుతో పాటు చదవాలి. రెండుసార్లయ్యాక గొంతు ఆపేసి వాళ్లనే చదవనివ్వాలి. గొంతు ఆపడం మర్చిపోతే అది మళ్లీ వినడమే. ప్రథమ్ బుక్స్ 2015లో పెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు డబ్బుల్లేకుండా దొరుకుతాయి. నెట్ ఉన్నచోట ఒకసారి దించుకుంటే పేటలో సిగ్నల్ లేకపోయినా పనికొస్తాయి. పాఠ్యపుస్తకంలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క పేజీల్లో ఇస్తున్నారు. తెలుగు పేజీ చదవగలిగిన పిల్లే ఇంగ్లీషు పేజీ మీద చెయ్యి వేస్తుంది. ఇంగ్లీషు మీడియం మన పిల్లలకి కావాల్సిందే. ఏ భాషలోనూ చదవడం రాకుండా మీడియం బోర్డు మారిస్తే మాత్రం ఒరిగేదేమీ లేదు.

మూడోది, పాట. సినిమా పాట కింద అదే పాట మాటలు అదే భాషలో వేస్తే, తెలియకుండానే కళ్లు అక్షరాల వెంట పరిగెడతాయి. అహ్మదాబాదులో బ్రిజ్ కొఠారి 1996లో ఈ ఆలోచన పట్టుకుని, 1999లో గుజరాత్ దూరదర్శన్ చిత్రగీత్ కార్యక్రమంలో పెట్టించాడు. చూసినవాళ్లకి చదవడం మెరుగైందని పరీక్షించి చూపించాడు. మన పిల్లలు ఎలాగూ ఫోనులో పాటలే వింటారు. అక్షరాలు పడే పాటలు పెట్టండి. మన ఉద్యమ పాటలు కూడా అలా తయారు చెయ్యండి.

నాలుగోది, ఫోనులో ఉన్న రికార్డర్. తరగతిలో తడబడితే పక్కవాళ్లు నవ్వుతారు. అందులో కులం కూడా నవ్వుతుంది. ఫోను నవ్వదు. పిల్ల ఒక మూలకి పోయి చదివి, తన గొంతు తనే విని, మళ్లీ చదువుతుంది. సోమవారం చదివిందీ శనివారం చదివిందీ వాళ్ల అమ్మకి వినిపిస్తే ఆ తల్లికి ప్రోగ్రెస్ కార్డు అక్కర్లేదు. "మేష్టారూ, మా గుంటకి సదువు ఒస్తంది" అని ఆమే చెప్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. పిల్లల చదువు విని తప్పొప్పులు చెప్పే యాప్‌లు తెలుగులోకీ వచ్చాయి. అవి పనికొస్తాయి. కానీ 'చదువు' అని ఉన్నచోట మన పిల్ల 'సదువు' అంటుంది. 'లేదు' ఉన్నచోట 'నేదు' అంటుంది. పుస్తకంలో మాట గుర్తుపట్టింది, భావం తెలిసింది, పలికింది మాత్రం ఇంటి నాలుకతో. అది తప్పు కాదు. యంత్రం తప్పని ఎర్రగీత పెట్టినా పక్కనున్న మనిషి పెట్టకూడదు. యంత్రాలకి నేర్పిన తెలుగు ఎవరి ఇళ్లల్లోది అని అడగాలి. మన ఉత్తరాంధ్రని ఆనుకుని ఉన్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాళ్లకి వాచకాలు రాసి బళ్లు నడిపాడు. జనం మాట్లాడే తెలుగు కోసం పండితులతో తగువు పడ్డాడు. వందేళ్ల కిందటి ఆ తగువు ఇప్పుడు యంత్రాలతో పడాలి.

అయిదోది అన్నిటికన్నా ముఖ్యం. చదివేది మన బతుకు అయ్యుండాలి. ఫోనులో మాట చెబితే తెలుగులో టైపు చేసే సదుపాయం ఉంది. పేటలో ముసలమ్మ చేత ఆమె చిన్ననాటి కథ చెప్పించండి. చెరుకు నరికిన కథ, బెల్లం వండిన కథ, బావి దగ్గర నీళ్లు పోయించుకున్న కథ. పిల్లలు ఎక్కించి, తప్పులు దిద్దుకుని, తెర మీద చదువుకోనివ్వండి. తప్పులు దిద్దడం కూడా చదవడమే. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో 'ఆడవాళ్లు ఏకమైతే' అని ఒక పాఠం పెట్టారు. సారా మీద ఆడవాళ్లు తిరగబడిన కథ అది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధించాల్సి వచ్చింది. ఆ పాఠానికి ట్యాబు లేదు, ప్యానెల్ లేదు. అందులో ఉన్నది వాళ్ల ఇల్లు. అందుకే అది నెత్తికెక్కింది.

ఇదంతా ఎవరు చేస్తారు? మాలో చాలామందిమి మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివినవాళ్లం. ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివిస్తేనే ఇక్కడిదాకా వచ్చాం. ఇప్పుడు ప్రతి పేటలోనూ డిగ్రీ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. సాయంత్రం ఒక గంట, అంబేద్కర్ భవనంలోనో, చర్చిలోనో, ఎవరి అరుగు మీదో. పన్నెండు మంది పిల్లలు, మూడు ఫోన్లు, ఒక మనిషి. 1848లో పూణేలో ఫూలే దంపతులు గానీ, తర్వాత హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గానీ సర్కారు బడి పెట్టేదాకా ఆగలేదు.

అలాగని సర్కారుని వదిలిపెట్టమనడం లేదు. మనం గంట నడిపేది సర్కారు బాధ్యత తగ్గించడానికి కాదు, అది ఏం చేయాలో చూపించడానికి. ఈ డిమాండ్లు ప్రతి మండలంలోనూ పెట్టాలి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ప్రతి పిల్ల చదివే మెట్టు ఏడాదికి రెండుసార్లు పరీక్షించి, తల్లిదండ్రుల కమిటీలో చదివి వినిపించాలి. రోజూ ఒక పీరియడ్ చదవడం నేర్పడానికే కేటాయించాలి. బళ్లలో ఉన్న ప్యానెళ్లు, ట్యాబులు బీరువాలో తాళం వేసి దాచకుండా బడి అయ్యాక పిల్లలకి తెరవాలి. చెడిపోతే బాగు చేయడానికి డబ్బు ఇవ్వాలి. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో సాయంత్రం చదివించే మనిషిని వేయాలి. పేటల్లో నడిచే చదువు కేంద్రాలకి సబ్‌ప్లాన్ నిధులు ఇవ్వాలి. 2013లో చట్టం తెచ్చి, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించిన ఎస్సీ సబ్‌ప్లాన్ మన డబ్బు. అది మన పిల్లల అక్షరానికి కాకపోతే దేనికి?

2022 ఏప్రిల్‌లో మా మండలం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఆఫీసుల బోర్డులన్నీ మారాయి. ఆ బోర్డులు చదవలేని పిల్లలు మాత్రం మా బళ్లలో ఇంకా ఉన్నారు. ఈ పత్రిక చేతికొచ్చిన ప్రతి కార్యకర్తనీ మేం అడిగేది ఒకటే. ఈ పక్షం రోజుల్లో మీ పేటలో ఆరు నుంచి ఎనిమిది దాకా చదువుతున్న పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఈ పేజీ చదివించండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మొదట పేటలో మీటింగ్ పెట్టండి, తర్వాత మండల విద్యాశాఖ ఆఫీసుకి పదండి. ట్యాబుల లెక్క వాళ్ల దగ్గరుంది. చదవలేని పిల్లల లెక్క మన దగ్గరుండాలి.

జై భీమ్!